గాలివాటం

రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదంటారు.
మా ఇంట్లో అందరం అలాగే బతికాం.
ఒక కాలు ఎడమ దోనె మీద, ఒక కాలు కుడి దోనె మీద,
నడుమ వల, వల కింద సముద్రం.

మోరేయా కొండలు వెనక్కి జరిగాక
మనుతాహి మామ ఇంజను ఆపాడు.
ఒక ఫ్రిజ్, పదకొండు బస్తాల సిమెంటు,
హువాహినేలో ఎవరి పెళ్లికో ప్లాస్టిక్ కుర్చీలు,
ఇదీ సరుకు.
ఆగ్నేయం నుంచి మారాము గాలి
వెనగ్గా వచ్చి మెడ మీద చెయ్యి వేసింది.

"వదులు," అన్నాడు.
వదిలాను.
బూమ్ బయటికి, ఇంకా బయటికి.
"చాలు" అంటాడని నేను,
నేనే చూసుకుంటానని అతను.
పెద్ద తెరచాప వెళ్లి ఊత తీగకు ఆనుకుంది,
బద్ద మీద బద్ద, టక్, టక్,
ముసలి పిల్లి గోడకు ఒళ్లు రుద్దుకున్నట్టు.

అప్పుడు చూపించాడు, గుడ్డ మీద నల్ల చారలు.
ఇది మీ నాన్న తొందర.
ఇది మీ అత్త కునుకు.
ఇదిగో, కుట్లు పడ్డ ఈ చోటు నాది,
పెళ్లయిన కొత్తలో.
"నీది ఎక్కడో నువ్వే చెప్పు."

జానెడు లాగాను.
తీగకూ గుడ్డకూ మధ్య నా పిడికిలి పట్టేంత సందు.

ఒంటి పడవల వాళ్లకు
బూమ్‌ని కిందికి అదిమి పట్టే తాడు వేరే ఉంటుంది.
మాకు లేదు. మాకున్నది వెడల్పు.
ఈ దోనె నుంచి ఆ దోనె దాకా పరిచిన పట్టా.
కప్పీని గాలి పోయే వైపు చివరికంటా తోసి
తాడు నిలువునా బిగిస్తే
బూమ్ తలెత్తడం మానుకుంటుంది.
పైన మాత్రం గుడ్డ కాస్త మెలి తిరగాలి.
అంచున కుట్టిన రిబ్బన్లలో అన్నిటికన్నా పైది
దాక్కోవాలి, మళ్లీ కనిపించాలి.
ఎంతకీ దాక్కునే ఉంది.
బెత్తెడు వదిలాను.
వచ్చింది.

ఆ తర్వాత చప్పుడే లేదు.
కుర్చీల మీది టార్పాలిన్ కూడా నిద్రపోయింది.
పొద్దున బయల్దేరక ముందే, పిట్ట కూడా కదలని రేవులో,
మామ తెరచాప అడుగున ఒక మడత వేసి కట్టాడు.
నవ్వుకున్నాను అప్పుడు.
"గాలి తగ్గింది, మడత విప్పుదామా?" అన్నాను ఇప్పుడు.
అతని కుడి చెవి ఎప్పుడో పోయింది.
ఎడమ చెవి తనకు నచ్చినవే వింటుంది.

అంతలో టోపీ ఎగిరింది.
మొగలి ఆకుతో వైమితి అత్త అల్లిన టోపీ.
"బూమ్‌కి ముందు కట్టిన తాడు విప్పు," అని
చుక్కాని తిప్పేశాడు.

తిప్పగానే గాలి ఎదురొచ్చింది.
ఇంతసేపూ మాతో కలిసి నడుస్తూ
తన అసలు బలం సగం దాచుకున్న గాలి.
టార్పాలిన్ లేచింది, నా జడ నా నోట్లోకొచ్చింది,
పన్నెండు చూపిన ముల్లు ఇరవై ఆరు చూపింది,
ఎత్తు దోనె నీళ్ల మీద తేలికైపోయి వణికింది.
తాడు లాగుతూ లాగుతూ
నేను విప్పుదామన్న మడత వైపు చూశాను.
ముడులన్నీ ఉన్నాయి.
మామ నా వైపు చూడలేదు.
టోపీ వైపే చూస్తున్నాడు.

మూడో చుట్టుకి కొక్కెం కర్రకు చిక్కింది.
నలభై నిమిషాలు పోయాయి, ఒక కుర్చీ పోయింది.

మళ్లీ వాలుకి తిరిగాం.
మళ్లీ గాలే లేనట్టు.
ఈసారి నేను నమ్మలేదు.

గాలివాటంగా బతికేశాడని
రేవులో మామ గురించి చెప్పుకుంటారు.
వాళ్ల అరచేతులు చూశాను నేను,
మెత్తగా ఉంటాయి.

సాయంత్రం హువాహినేలో తెరచాప దించుతుంటే కనిపించింది,
మూడో బద్ద దగ్గర,
వేలి గోరంత కొత్త నలుపు.
ఉమ్ము తడితో రుద్దాను.
పోలేదు.